శిలాఫలకం వెనక లెక్క: ఉత్తర తెలంగాణలో సీఎస్ఆర్ దారులు, ఫలితాలు

కంపెనీల సామాజిక బాధ్యత నిబంధనలకు 2021లో వచ్చిన సవరణల తర్వాత, వాటి వార్షిక నివేదికల చివరి పేజీల్లో ఒక పట్టిక కనిపించేది. ప్రాజెక్టు పేరు, కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలులో అది ఏ అంశం కిందికి వస్తుంది, స్థానిక ప్రాంతమా కాదా, ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఎంత ఖర్చు, కంపెనీ నేరుగా చేసిందా వేరే సంస్థ ద్వారానా, ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత. ఇన్ని గడులున్న పట్టికలో దానివల్ల ఏం జరిగిందో రాసే గడి మాత్రం లేదు. ప్రభుత్వ పాఠశాలకు బెంచీలు ఇచ్చారని ఉంటుంది, వాటికి ఎంత పెట్టారో ఉంటుంది. ఆ బడిలో కూర్చునే పిల్లలు మిగిలారో లేదో ఉండదు.

కార్పొరేట్ సామాజిక బాధ్యత, అందరి నోటా సీఎస్ఆర్, గురించి మన దగ్గర జరిగే చర్చ కూడా ఆ ఖర్చు గడి దాటి ముందుకు పోదు. ఏ కంపెనీ ఎన్ని కోట్లు ఇచ్చింది, మన జిల్లాకు ఎంత వచ్చింది, పక్క జిల్లాకు ఎందుకు ఎక్కువ పోయింది అన్నవే ప్రశ్నలు. అడగవలసినవే. అయితే డబ్బు కదిలితే మార్పు వచ్చినట్టేనన్న నమ్మకం వాటి అడుగున ఉంది. మేనేజ్‌మెంట్ పరిశోధకులు ఈ రెండింటినీ ఎప్పుడో విడదీశారు. డోనా వుడ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1991లో కంపెనీ సామాజిక పనితీరును మూడు కోణాల్లో చూడమన్నారు: కంపెనీ ఏ సూత్రంతో బాధ్యత తలకెత్తుకుంది, సమాజం మాట వినడానికి ఏ ఏర్పాట్లు చేసుకుంది, చివరికి సమాజం మీద పడిన ఫలితం ఏమిటి. ఆమె లెక్కలో ఫలితం అంటే కంపెనీ చేసిన మేలు ఒక్కటే కాదు, దాని వల్ల జరిగిన కీడు కూడా అదే ఖాతాలో పడుతుంది. ఈ చివరి మాటను సీఎస్ఆర్ బ్రోచర్లు వేసేవాళ్లు సాధారణంగా వదిలేస్తారు.

వరంగల్ నుంచి భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా కాగజ్‌నగర్ దాకా వెళ్తే బొగ్గు, కరెంటు, ఎరువులు, సిమెంటు, కాగితం, ఇప్పుడు బట్టల పరిశ్రమ వరసగా కనిపిస్తాయి. కంపెనీలు సమాజానికి ఏదైనా చేయడానికి ఎంచుకునే దారులన్నీ ఇక్కడ ఎప్పుడో ఒకప్పుడు అమలయ్యాయి. ఒకే మొత్తం డబ్బు దారిని బట్టి వేరువేరు ఫలితాలు ఇస్తుందని వీటిని చూస్తే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ ప్రాంతంలో కంపెనీల సామాజిక పనితీరులో పెద్ద వంతు అసలు సీఎస్ఆర్ ఖాతాలోకే రాదని కూడా తెలుస్తుంది.

రెండు శాతం గీత

చట్టం సంగతి క్లుప్తంగా. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. తాను పనిచేసే చోటికీ చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలి. మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి అది కుదరదు. మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాకో, షెడ్యూలులో పేర్కొన్న నిధులకో బదిలీ చేయాలి, చేయకపోతే జరిమానా.

నిర్బంధం వల్ల ఏమైంది? అంతకు ముందు పైసా విదల్చని కంపెనీలు ఇవ్వడం మొదలుపెట్టాయి. మరోవైపు ధమ్మిక ధర్మపాల, విక్రమాదిత్య ఖన్నా అనే పరిశోధకులు భారతీయ కంపెనీల లెక్కలు పరిశీలించి ఒక చిత్రమైన విషయం బయటపెట్టారు. చట్టానికి ముందే 2 శాతం కన్నా ఎక్కువ ఇస్తున్న కంపెనీలు, చట్టం వచ్చాక తమ ఖర్చు తగ్గించుకున్నాయి. కనీసం ఇంత అని గీసిన గీత, ఉదారంగా ఉన్నవాళ్లకు ఇంత చాలు అన్న గీతలా కనిపించింది. ఒక పని స్వచ్ఛందంగా జరిగినప్పుడు ఉండే పట్టుదల, పన్నులాగా మారినప్పుడు ఉండదేమో.

ఇంకో ప్రభావం క్యాలెండరుది. మార్చి 31 లోపల ఖర్చు చూపించాలంటే త్వరగా కొనగలిగినవే కొంటారు. బెంచీలు, ట్యాబులు, కుట్టు మిషన్లు, అంబులెన్సు, సోలార్ దీపాలు. బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది, స్థానిక నాయకుడి చేతుల మీదుగా ప్రారంభోత్సవం ఉంటుంది. ఊళ్లో తాగుడు తగ్గించడానికో, ఆడపిల్లలు పదో తరగతి తర్వాత చదువు మానకుండా చూడడానికో నాలుగేళ్లు పడుతుంది, దానికి ఫోటో ఉండదు. మొదలైన సంవత్సరం పోగా మరో మూడేళ్ల దాకా సాగే పనులను కొనసాగుతున్న ప్రాజెక్టులుగా చూపించే వీలు 2021లో వచ్చింది కాబట్టి ఈ ఒత్తిడి కొంత సడలింది. అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు.

ఇవ్వడం, చేయడం, కలిసి చేయడం

సామాజిక పనిని కంపెనీ ఎలా నడిపించాలన్న ప్రశ్నను బ్రయాన్ హస్టెడ్ 2003లో మూడు దారులుగా విడగొట్టారు. డబ్బు ఇచ్చేసి పక్కకు తప్పుకోవడం ఒకటి. సొంత సిబ్బందితో తానే చేయడం రెండోది. మరొకరితో కలిసి, డబ్బుతో పాటు మనుషులనూ నైపుణ్యాన్నీ పెట్టి చేయడం మూడోది. పుస్తకంలో మూడూ సమానంగా గౌరవనీయంగా కనిపిస్తాయి. ఊళ్లోకి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. దాన్ని చూడడానికి మంచినీటి ప్లాంటు కన్నా తగిన ఉదాహరణ లేదు, ఎందుకంటే అది దాదాపు ప్రతి మండలంలోనూ ఉంది.

ఆర్ఓ ప్లాంటు అంటే ఒక చిన్న గది, బోరు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, పొడుగాటి గొట్టాల్లో నీటిని వడకట్టే పొరలు, అంటే మెంబ్రేన్లు, పైన ట్యాంకు, బయట కుళాయి. దాన్ని కట్టి అప్పగించడానికి కొన్ని లక్షలవుతుంది. శిలాఫలకం పడేది ఆ కొన్ని లక్షలకే. ఊరికి ఖర్చు మొదలయ్యేది ఆ మర్నాటి నుంచి. ఉదాహరణకు రోజుకు 150 ఇరవై లీటర్ల డబ్బాలు పోయే ఊరు అనుకుందాం. డబ్బాకు 5 రూపాయలు వసూలు చేస్తే నెలకు 22,500 రూపాయలు వస్తాయి. ఆపరేటరు జీతం 9,000, కరెంటు బిల్లు 5,000, కార్ట్రిడ్జులూ రసాయనాలూ 3,000 అనుకుంటే 5,500 మిగులుతుంది. అది కదలకుండా బ్యాంకులో పడుతూ ఉంటేనే, రెండు మూడేళ్లకు మెంబ్రేన్లు పాడైనప్పుడు కొత్తవి కొనడానికి డబ్బు ఉంటుంది. ఇప్పుడు ఎన్నికలకు ముందు ఎవరో పెద్దమనిషి డబ్బాను 2 రూపాయలకే ఇప్పిస్తానన్నాడనుకుందాం. నెల రాబడి 9,000కు పడిపోతుంది. ఆపరేటరు జీతానికి సరిపోతుంది. కరెంటు బిల్లు పంచాయతీ నెత్తిన పడుతుంది, మెంబ్రేన్ల సంగతి ఎవరికీ పట్టదు. రుచి మారిందని జనం మళ్లీ ప్రైవేటు ప్లాంటు డబ్బా వైపు పోతారు. గదికి తాళం పడుతుంది. కంపెనీ నివేదికలో మాత్రం ఆ ప్లాంటు ఎప్పటికీ నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ రాసింది కట్టిన సంగతి ఒక్కటే.

ధర ఎవరు నిర్ణయిస్తారు, పొదుపు ఖాతా ఎవరి చేతిలో ఉంటుంది అన్న రెండు ప్రశ్నల దగ్గర ప్లాంటు తలరాత తేలిపోతుంది. ఈ రెండూ ఇంజినీరింగు ప్రశ్నలు కావు, చెక్కు మొత్తంతో వీటికి సంబంధమూ లేదు. కాజీపేట కేంద్రంగా 1977 నుంచి పనిచేస్తున్న బాలవికాస సంస్థ గ్రామాల్లో నీటి ప్లాంట్లు పెట్టేటప్పుడు పట్టుబట్టేది సరిగ్గా ఇక్కడే. ఊరు కమిటీ వేసుకోవాలి, కుటుంబాలు ముందుగా తమ వాటా సొమ్ము చెల్లించి సభ్యత్వం తీసుకోవాలి, నడిపే బాధ్యత కమిటీదే. ఉచితంగా వస్తుంటే వాటా ఎందుకన్న వాదన ప్రతి ఊళ్లోనూ లేస్తుంది. కానీ సొంత డబ్బు పెట్టినవాళ్లు లెక్క అడుగుతారు. అడిగేవాళ్లుంటే ఖాతా పుస్తకం ఉంటుంది.

వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు ఈ చర్చలో రాక తప్పదు. సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసుకుని, 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్న ఊరు. తాగునీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, ఇలా పనికో కమిటీ వేసుకుని నడిచింది. 1990లలో బాలవికాస సాయంతో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టుకున్నప్పుడు గ్రామస్థులు తమ వంతు సొమ్ము పోగుచేశారు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చిన ప్రతి సాయమూ అక్కడ నిలిచిందంటే కారణం సాయం ఇచ్చినవాళ్ల గొప్పదనం కన్నా, అది దిగేసరికి పట్టుకోవడానికి ఊళ్లో చేతులు సిద్ధంగా ఉండడమే. ఇక్కడొక చిక్కు కూడా ఉంది. విజయగాథలు కావలసిన కంపెనీలు ఇలాంటి సిద్ధమైన ఊళ్లనే వెతుక్కుంటూ పోతాయి. కమిటీ వేసుకోలేని, కులాల వారీగా చీలిపోయిన, సర్పంచికీ వార్డు సభ్యులకూ పడని ఊళ్లకు అవసరం ఎక్కువ. నివేదికలో బాగా కనిపించే అవకాశం తక్కువ. కలిసి చేయడం మంచి దారే, కానీ అది ముందే బాగున్నవాళ్లను ఇంకొంచెం బాగుచేసే దారిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కుట్టు శిక్షణ కేంద్రాల కథ ఇంకోలా ఉంటుంది. మూడు నెలల శిక్షణ, చివర్లో మిషను, ధ్రువపత్రం. శిక్షణ పొందిన మహిళల సంఖ్య నివేదికలో వస్తుంది. ఒక ఊళ్లో ముప్పై మంది కుట్టు నేర్చుకుంటే ఆ ఊళ్లో కుట్టించుకునేవాళ్లు ముప్పై రెట్లు పెరగరు కదా. మార్కెట్ లేని నైపుణ్యం అటకెక్కుతుంది, మిషనుతో సహా. కొనేవాడు ముందే ఖాయమైన చోట అదే శిక్షణ జీతంగా మారుతుంది. తేడా శిక్షణ నాణ్యతలో కన్నా, ఆ తర్వాతి మెట్టు గురించి ఎవరైనా ముందుగా ఆలోచించారా లేదా అన్నదానిలో ఉంది.

తానే అన్నీ చేసిన కంపెనీ

సొంతంగా చేయడం అన్న దారి ఈ ప్రాంతానికి కొత్త కాదు. సీఎస్ఆర్ అన్న మాట పుట్టకముందే ఇక్కడ మిల్లు ఊళ్లు ఉన్నాయి. 1934లో నిజాం పాలనలో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి మిల్లు చుట్టూ కార్మికుల బతుకు మొత్తం అల్లుకుంది. సింగరేణి ఊళ్లలో క్వార్టర్లు, బడులు, ఏరియా ఆసుపత్రులు, క్లబ్బులు కంపెనీవే. కాగజ్‌నగర్‌కు ఆ పేరే కాగితం మిల్లు నుంచి వచ్చింది. ఈ పద్ధతిలో నాణ్యత మీద అదుపు ఉంటుంది, డబ్బు చేతులు మారదు, బాధ్యత ఎవరిదన్న సందేహం ఉండదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. కంపెనీ ఆగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు తయారుచేసే కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అదే ఏడాది కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు కూడా మూతపడింది, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక తిరిగి తెరుచుకుంది. ఒకటి తెరుచుకుంది, ఒకటి తెరుచుకోలేదు. మధ్యలో ఆ రెండు ఊళ్లలో కిరాణా కొట్టు నుంచి ఇంటి అద్దె దాకా పడిన దెబ్బను ఏ సీఎస్ఆర్ నివేదికా లెక్కించలేదు. లెక్కించాల్సిన అవసరం చట్టంలో లేదు, ఎందుకంటే నష్టాల్లో ఉన్న కంపెనీకి లాభంలో 2 శాతం అంటే సున్నా.

సొంతంగా చేయడం ఎంత దూరం పోగలదో చూడాలంటే కేరళ వైపు ఒకసారి చూడాలి. ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలంలో కైటెక్స్ సంబంధిత వ్యాపార సంస్థ 2013లో సీఎస్ఆర్ కోసం ట్వంటీ ట్వంటీ అనే సంఘాన్ని ఏర్పాటు చేసింది. నిత్యావసరాలు తక్కువ ధరకు ఇచ్చే దుకాణం, రోడ్లు, ఇళ్లు. 2015లో అదే సంఘం పంచాయతీ ఎన్నికల్లో నిలబడి 19 వార్డులకు 17 గెలిచింది. 2020లో మరో మూడు పంచాయతీలు దానికి తోడయ్యాయి. రోడ్లు బాగుపడ్డాయని మెచ్చుకునేవాళ్లున్నారు, కంపెనీయే పంచాయతీ అయితే కంపెనీని అడిగేది ఎవరని నిలదీసేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ నిజమయ్యే అవకాశం ఉంది. ఓటరుకు ఇచ్చే సేవకూ, లబ్ధిదారుకు ఇచ్చే సాయానికీ తేడా చెరిగిపోయినప్పుడు సామాజిక పనితీరును ఎవరు కొలవాలన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న. ఆ కైటెక్స్ ఇప్పుడు వరంగల్‌కు వచ్చింది, దాని సంగతి చివర్లో.

గేటు లోపలి ఖాతా

అసలు విషయం బొగ్గు ప్రాంతంలో తేటతెల్లమవుతుంది. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. భూగర్భ గనులు తగ్గి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగిన కొద్దీ కంపెనీకీ ఊళ్లకూ మధ్య సంబంధం మారిపోయింది. భూగర్భ గని మనుషులను లోపలికి పిలుచుకునేది. ఓపెన్‌కాస్ట్ గని ఊరినే లేచి పొమ్మంటుంది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు వచ్చింది. గనిలో పేలుళ్లకు గోడలు బీటలు వారడం, బొగ్గు లారీల దుమ్ము, ఊరి పక్కన మట్టి గుట్టలు, ఇంకిపోయే బావులు ఓపెన్‌కాస్ట్ గని పక్కన బతికేవాళ్ల రోజువారీ మాటలు.

ఇలాంటి చోట ఒక వైద్య శిబిరం పెట్టి వెయ్యి మందికి ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తే అది సీఎస్ఆర్. బొగ్గును నిల్వచేసి ఎగుమతి చేసే ప్లాంటుకు (సీహెచ్‌పీ) పోయే దారిలో రోజుకు నాలుగుసార్లు ట్యాంకరుతో నీళ్లు చల్లి, లారీల మీద టార్పాలిన్ కప్పించి దుమ్ము లేవకుండా చూస్తే అది సీఎస్ఆర్ కాదు. ఎందుకంటే ఇతర చట్టాల ప్రకారం తప్పనిసరిగా చేయవలసిన పనులు సీఎస్ఆర్ కిందికి రావని నిబంధన. నిబంధన సరైనదే, లేకపోతే కంపెనీలు తమ విధులకే దానమని పేరు పెట్టుకునేవి. కానీ ఊరి ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే రెండో పనికి మొదటిదానికన్నా ఎన్నో రెట్ల ఫలితం ఉంది. దానికి అవార్డు రాదు, శిలాఫలకం పడదు. చేయకపోతే మాత్రం ఎన్ని శిబిరాలు పెట్టినా లెక్క సరికాదు. డోనా వుడ్ లెక్కలో కీడు కూడా ఖాతాలోకి వస్తుందన్న మాటకు ఇక్కడ ప్రాణం వస్తుంది.

ఇంకో లోపం ఉంది. సీఎస్ఆర్ లాభంతో ముడిపడింది, కీడు ఉత్పత్తితో ముడిపడింది. లాభం తగ్గిన ఏడాది రెండు శాతమూ తగ్గుతుంది, దుమ్ము తగ్గదు. ఈ లోపాన్ని కొంతవరకు పూడ్చేది జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టానికి వచ్చిన సవరణతో, 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవాళ్లు రాయల్టీలో, అంటే తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో 30 శాతం, వేలంలో పొందినవాళ్లు 10 శాతం అదనంగా ఈ నిధికి కట్టాలి. టన్ను తవ్విన ప్రతిసారీ డబ్బు వస్తుంది, కంపెనీకి లాభమొచ్చిందా లేదా అన్నదానితో పని లేదు. ఖర్చు ఎక్కడ పెట్టాలో కంపెనీ నిర్ణయించదు. తాగునీరు, వైద్యం, విద్య, కాలుష్య నివారణ వంటి వాటికి కనీసం 60 శాతం పెట్టాలని మొదటి మార్గదర్శకాలు, 70 శాతమని 2024 మార్గదర్శకాలు చెప్పాయి. కాగితం మీద ఇది సీఎస్ఆర్ కన్నా మెరుగైన పద్ధతి. ఆచరణలో గని పక్క ఊరి అవసరం ఒకవైపు, జిల్లా కేంద్రంలో భవనం కట్టాలన్న ఉబలాటం మరోవైపు లాగుతుంటాయి. గ్రామసభలో చర్చించి పంపిన పని ఎన్నిసార్లు జాబితాలోకి ఎక్కిందని చూస్తే చాలు, ఏది గెలుస్తోందో తెలుస్తుంది.

సింగరేణిలో దసరాకు ముందు ఉద్యోగులకు ప్రకటించే లాభాల వాటా కూడా ఇలాంటిదే. 2024లో 33 శాతం ప్రకటించారు. అదే ఏడాది తొలిసారిగా ఒప్పంద కార్మికులకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. శాశ్వత ఉద్యోగి పక్కన అదే గనిలో, అదే దుమ్ములో పనిచేసే ఒప్పంద కార్మికుడికి ఆ మొత్తం చిన్నదే. అయినా కంపెనీ సామాజిక పనితీరు గురించి అది చెప్పేది ఎంతో ఉంది, ఎందుకంటే ఎవరు మనవాళ్లు, ఎవరు కారు అన్న గీత కాస్త జరిగింది. ఇది సీఎస్ఆర్ పద్దులోకి రాదు. సింగరేణి సేవా సమితి ద్వారా కార్మిక కుటుంబాల మహిళలకూ యువతకూ ఇచ్చే శిక్షణల గురించి ఎంత చెప్పుకున్నా, గోదావరిఖని ఇళ్లలో దసరా ఎలా జరిగిందన్నది వాటా, జీతం, ఒప్పందం అన్న మూడు మాటల మీదే ఆధారపడుతుంది.

స్థానికం అంటే ఎక్కడ

చట్టం స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమంది. కంపెనీల పెద్ద కార్యాలయాలు హైదరాబాద్‌లో, కర్మాగారాలు దాని చుట్టుపక్కల జిల్లాల్లో ఉంటే స్థానికం అన్న మాట అటే మొగ్గుతుంది. అభివృద్ధిలో వెనకబడినవని 2018లో కేంద్రం ఆకాంక్ష జిల్లాలుగా గుర్తించిన వాటిలో తెలంగాణ నుంచి ఉన్నవి మూడు: జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం. మూడూ బొగ్గు దొరికే జిల్లాలే. ఇక్కడ తవ్విన బొగ్గు రాష్ట్రమంతటికీ, పక్క రాష్ట్రాలకూ వెలుగు ఇస్తుంది. ఆ కరెంటుతో నడిచే కంపెనీల స్థానిక ప్రాంతం మాత్రం వేరే చోట ఉంటుంది. సరఫరా గొలుసు మొత్తాన్ని స్థానికంగా లెక్కించాలన్న వాదన వినడానికి అతిగా అనిపించవచ్చు. కానీ ఒక కంపెనీ తన ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో కొనుగోలు విభాగానికి టన్నులతో సహా తెలిసినప్పుడు, సీఎస్ఆర్ విభాగానికి తెలియకపోవడం విచిత్రం.

ఫలితాన్ని కొలవమని చట్టం అసలు అడగలేదా అంటే, అడిగింది. మూడేళ్ల సగటున 10 కోట్లు లేదా అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులు పూర్తయిన కనీసం ఏడాదికి స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. మంచి నిబంధనే. అయితే మదింపు చేసేవాళ్లకు డబ్బు ఇచ్చేది ఆ కంపెనీయే. ఏడాది తర్వాత చూస్తే ఆర్ఓ ప్లాంటు బాగానే ఉంటుంది, మెంబ్రేన్లు ఇంకా కొత్తవి కాబట్టి. అసలు పరీక్ష మూడో ఏట వస్తుంది. కోటి లోపు పనులకు ఈ మదింపు వర్తించదు, పల్లెల్లో జరిగేవి ఎక్కువగా ఆ లోపువే. వీటికి ఖరీదైన సర్వే అక్కర్లేదు. ప్లాంటు దగ్గర ఖాతా పుస్తకంలో కిందటి నెల ఎన్ని డబ్బాలు పోయాయో, బ్యాంకులో ఎంత ఉందో, ఆపరేటరుకు ఎన్ని నెలల జీతం బాకీ ఉందో గ్రామసభలో చదివిస్తే సరిపోతుంది.

ఇక కైటెక్స్ సంగతి. గీసుకొండ, సంగెం మండలాల్లో శాయంపేట, చింతలపల్లి దగ్గర 1,200 ఎకరాలకు పైగా స్థలంలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండి, షోలాపూర్‌లకు వలసపోయిన వరంగల్ నేత కుటుంబాలు తిరిగి రావాలన్నది అప్పుడు చెప్పిన ఆశయాల్లో ఒకటి. గణేశా ఎకోపెట్, కైటెక్స్, యంగ్‌వన్ వంటి సంస్థలు అక్కడికి వచ్చాయి. గంగదేవిపల్లి ఉన్నదీ ఇదే గీసుకొండ మండలంలో. పార్కులోని కంపెనీలు రేపు బడులకు రంగులు వేయిస్తాయి, నీటి ప్లాంట్లు పెడతాయి, కుట్టు శిక్షణలు ఇస్తాయి. ఇక్కడ కుట్టుకు కొనేవాడు గేటు లోపలే ఉన్నాడు కాబట్టి శిక్షణ వృథా పోదన్న నమ్మకం పెట్టుకోవచ్చు.

కానీ బట్టల కర్మాగారంలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మహిళలే అయినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల మీద ఆ పరిశ్రమ ముద్ర ఎలా పడుతుందన్నది వేరే విషయాలు తేలుస్తాయి. తెల్లవారుజామున షిఫ్టుకు రావడానికి బస్సు ఉందా, చంటిపిల్లను వదలడానికి గది ఉందా, అదనపు గంటలకు రెట్టింపు కూలి వస్తుందా, భూమి ఇచ్చిన ఇంటి నుంచి ఎంతమందికి పని దొరికింది, దొరికిన పని ఎన్నేళ్లు నిలిచింది. మహిళలు ఎక్కువమంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాడే చెప్పింది. చట్టం చెప్పిన పని కాబట్టి అది సీఎస్ఆర్ కాదు. బస్సు తన ఉద్యోగుల కోసమే కాబట్టి అదీ సీఎస్ఆర్ కాదు. సంగెం నుంచి వచ్చే మహిళకు ఆ ఉద్యోగం నిలుస్తుందా లేదా అన్నది మాత్రం బడి గోడ రంగు కన్నా ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. షిఫ్టు బస్సు ఏ ఊళ్ల మీదుగా తిరగాలో కంపెనీ హెచ్ఆర్ విభాగం నిర్ణయిస్తుంది, సీఎస్ఆర్ కమిటీ ముందుకు ఆ కాగితమే రాదు.